వేగాస్ హోటల్ కౌంటర్‌లో 20 డాలర్ల నోటు: ఏడేళ్ళు అవతలి వైపు నిలబడ్డ మనిషిగా చెప్తున్నా

మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది, ఎందుకంటే ఈ నోట్లని నేను ఇచ్చే వైపు నుంచి కాదు, అందుకునే వైపు నుంచి చూశాను. మీరు క్రిస్మస్‌కి ముందు ఆదివారం అమ్మానాన్నలతో, భార్యాపిల్లలతో డాలస్ నుంచి లాస్ వేగాస్ వస్తున్నారు. స్ట్రిప్ మీద, అంటే పెద్ద హోటళ్ళన్నీ వరసగా ఉండే రోడ్డు మీద, ఒక పెద్ద క్యాసినో రిసార్ట్‌లో మూడు రాత్రులకి రెండు మామూలు రూములు బుక్ చేశారు. చెక్-ఇన్ దగ్గర డ్రైవర్ లైసెన్స్‌కీ క్రెడిట్ కార్డుకీ మధ్య 20 డాలర్ల నోటు మడిచి పెడితే సూట్, అంటే హాలు కూడా ఉండే పెద్ద రూము, ఇచ్చేస్తారని ఫ్రెండ్స్ చెప్పారు. అది నిజమేనా, లంచం అనుకుంటారేమో, డబ్బు తీసుకుని ఏమీ ఇవ్వకపోతే ఎలా అని మీ టెన్షన్.

పని చేస్తుంది. కానీ మీ ఫ్రెండ్స్ అనుకుంటున్న కారణం వల్ల కాదు, అందుకే కొందరికి పని చేసి కొందరికి చేయదు.

2015లో హెచ్4 వీసా మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల భార్యలుగా, భర్తలుగా అమెరికాలో ఉన్నవాళ్ళలో కొంతమందికి పని చేసుకునే అనుమతి వచ్చింది కదా, అప్పుడు నేను స్ట్రిప్ మీద ఒక హోటల్‌లో ఫ్రంట్ డెస్క్‌లో చేరాను. హోటల్ పేరు చెప్పను. మూడు వేలకి పైగా రూములు. తెనాలిలో మా మేనమామ లాడ్జిలో పద్దెనిమిది గదులు ఉండేవి, తాళాలన్నీ ఒకే చెక్క బోర్డుకి వేలాడేవి, ఏ గది ఖాళీయో తల ఎత్తి చూస్తే తెలిసేది. ఇక్కడ ఆ బోర్డు కంప్యూటర్‌లో ఉంటుంది, అంతే తేడా. అప్‌గ్రేడ్, అంటే బుక్ చేసినదానికంటే మంచి రూము ఇవ్వడం, మొత్తం ఆ బోర్డు మీద ఆ నిమిషంలో ఏముందో దాని మీదే ఆధారపడుతుంది.

పొద్దున్నే, మీరు విమానం ఎక్కకముందే, రూమ్ కంట్రోలర్ అనే మనిషి ఆ రోజు వచ్చేవాళ్ళ లిస్టు ముందు పెట్టుకుని రూములు కేటాయించడం మొదలుపెడతాడు. ముందు క్యాసినోలో బాగా ఆడేవాళ్ళు, వాళ్ళ సంగతి చూసే హోస్ట్‌లు అడిగిన సూట్లు. తర్వాత రివార్డ్స్ కార్డులో, అంటే హోటల్ మెంబర్‌షిప్ కార్డులో, పై మెట్టు మీద ఉన్నవాళ్ళు. తర్వాత వీల్‌చెయిర్ రూములు, పక్కపక్కనే కావాలన్న కుటుంబాలు. వీళ్ళందరూ అయ్యాక మిగిలిన రూములు ఎవరి పేరూ లేకుండా ఉంటాయి, వాటిని డెస్క్ మీద ఉన్న మేము మనిషి ఎదురుగా వచ్చినప్పుడు ఇస్తాం. అందులోనూ శుభ్రం చేసి రెడీగా ఉన్నవే ఇవ్వగలం. అంటే మీ ఎదురుగా ఉన్న అమ్మాయి చేతిలో ఉన్నది హోటల్ మొత్తం కాదు, ఆ మిగిలిన కాసిని రూములు. పెంట్‌హౌస్ ఆమె చేతిలో ఉండదు, మీరు 20 ఇచ్చినా 200 ఇచ్చినా ఉండదు. ఆమె చేయగలిగింది ఏమిటంటే, పార్కింగ్ గోడ కనిపించే నాలుగో ఫ్లోర్ రూము బదులు ఇరవై రెండో ఫ్లోర్‌లో స్ట్రిప్ కనిపించే రూము, పాత టవర్ బదులు ఈమధ్యే కొత్తగా మార్చిన టవర్, అదృష్టం బాగుంటే చిన్న సూట్. సీజర్స్ ప్యాలెస్ లాంటి చోట ఐదారు టవర్లు ఉంటాయి, అక్కడ టవర్ మారడమే పెద్ద తేడా, హోటల్ మారినంత తేడా.

ఇంకో సంగతి బయటవాళ్ళకి తెలీదు. హోటల్ వాళ్ళు చవక రూములు ఉన్నవాటికంటే కొన్ని ఎక్కువే అమ్ముతారు, ఎలాగూ కొందరు రారని. అందరూ వచ్చేసిన రోజు చవక రూములు సాయంత్రానికి అయిపోతాయి, అప్పుడు ఎవరినో ఒకరిని పైకి పంపాల్సిందే, డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా. ఎవరిని పంపాలి అన్నది మా చేతిలో ఉండేది. ఫోన్ చెవికి పెట్టుకుని కార్డు కౌంటర్ మీద పడేసినవాళ్ళని పంపం కదా! నేను ఇచ్చిన అప్‌గ్రేడ్లలో సగానికి పైగా నోటు లేకుండా ఇచ్చినవే, మర్యాదగా అడిగినవాళ్ళకి, లేదా అసలు అడగకుండా పిల్లాడిని ఎత్తుకుని గంటసేపు క్యూలో ఓపిగ్గా నిలబడ్డవాళ్ళకి.

కాబట్టి టైమ్ చాలా ముఖ్యం, నోటు కంటే ముఖ్యం. మీ తేదీలు చాలా మంచివి. క్రిస్మస్‌కి ముందు వారం వేగాస్‌లో బాగా ఖాళీగా ఉండే రోజుల్లో ఒకటి, డిసెంబర్ 26 తర్వాత న్యూ ఇయర్ గుంపు మొదలవుతుంది, జనవరి మొదట్లో సీఈఎస్ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన వస్తుంది. నవంబర్‌లో, 2023 నుంచి, ఫార్ములా వన్ కార్ల రేసు జరుగుతోంది. థాంక్స్‌గివింగ్ అయిన మరుసటి వారం ఏడబ్ల్యూఎస్ రీఇన్వెంట్ అనే అమెజాన్ వాళ్ళ పెద్ద టెక్ సదస్సు, ఆ వారం లిఫ్టులో తెలుగు వినపడని రోజు ఉండేది కాదు. అలాంటి వారాల్లో జేబులో నోటు పెట్టుకుని రావడం అనవసరం, ఖాళీ ఉండదు. చైనీస్ న్యూ ఇయర్‌కి అయితే పెద్ద సూట్లన్నీ నెలల ముందే పెద్ద ఆటగాళ్ళ పేర్ల మీద ఉంటాయి. మీరు ఆదివారం దిగి బుధవారం వెళ్తున్నారు, మధ్యలో శుక్ర శనివారాలు లేవు, ఇది మీకు బాగా కలిసొచ్చే విషయం. ఎందుకంటే గురువారం నుంచి ఆదివారం దాకా ఉండే మనిషికి సూట్ ఇవ్వాలంటే ఆ సూట్ శనివారం నాలుగింతల రేటుకి అమ్ముడుపోయేది కదా అని సిస్టమే మమ్మల్ని ఆపేస్తుంది.

ఏ గంటకి వెళ్ళాలి అంటారా? మధ్యాహ్నం 3 గంటలకి చెక్-ఇన్ మొదలవుతుంది చాలా చోట్ల, కొన్ని చోట్ల 4. సరిగ్గా అప్పుడే వెళ్తే క్యూ తలుపు దాకా ఉంటుంది, మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ఉదయం 11కి వెళ్తే రూములు ఇంకా శుభ్రం అవుతూ ఉంటాయి, పైగా ముందుగా రూము ఇవ్వడానికి విడిగా డబ్బు అడుగుతారు. నన్నడిగితే సాయంత్రం ఆరు, ఏడు మధ్య. మరీ పది దాటితే రెండు మంచాల రూములు అయిపోయి అమ్మానాన్నలకి ఒకటే మంచం ఇచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి మరీ ఆలస్యం చేయకండి.

ఇక నోటు సంగతి. లైసెన్స్, కార్డు, మధ్యలో సగానికి మడిచిన 20, అంచు కనపడేలా. దాచి పెట్టకండి, కార్డు తీయగానే నేల మీద పడిపోతే ఇద్దరికీ ఇబ్బంది, నాకు రెండుసార్లు అయింది. ఇస్తూ నెమ్మదిగా, 'ఆర్ దేర్ ఎనీ కాంప్లిమెంటరీ అప్‌గ్రేడ్స్ అవైలబుల్ టుడే?' అనండి. కాంప్లిమెంటరీ, అంటే ఉచితంగా, అనే మాట మర్చిపోవద్దు, అది లేకపోతే డబ్బు కట్టి తీసుకునే అప్‌గ్రేడ్లు చదివి వినిపిస్తారు, వినిపించడం వాళ్ళ డ్యూటీ. '20 ఇస్తే సూట్ ఇస్తారంట కదా' అని మాత్రం పైకి అనకండి. కౌంటర్ మీద కెమెరాలు ఉంటాయి, వెనక సూపర్‌వైజర్ ఉంటాడు, కొన్ని హోటళ్ళలో డెస్క్ వాళ్ళు టిప్పు తీసుకోవడం మీద రూల్స్ ఉంటాయి. మీరు బేరంలా మాట్లాడితే ఆ అమ్మాయి ఇవ్వాలనుకున్నా ఇవ్వలేదు. ఆమె నోటు వెనక్కి ఇచ్చేసి 'ఇవాళ ఏమీ లేవండి' అంటే థాంక్స్ చెప్పి తీసుకోండి, బలవంతపెట్టకండి. చాలామంది నిజంగానే వెనక్కి ఇస్తారు, నేనూ ఇచ్చేదాన్ని. ఉంచుకుని చిన్న మార్పేదో చేస్తే, అంటే ఫ్లోర్ పెంచడమో లిఫ్టు దగ్గర ఇవ్వడమో, అది కూడా ఆమె వెతికి చేసిన పనే, వెనక్కి అడగకండి. 20 పోయినా బాధ లేదు అనుకుంటేనే ఇవ్వండి, లేకపోతే ఊరికే అడగండి, ఊరికే అడగడంలో తప్పేం లేదు.

లంచమా అన్నారు. ఈ ప్రశ్న నన్ను కూడా చాలా రోజులు తినేసింది. మొదటిసారి ఒకాయన నోటు ఇచ్చినప్పుడు నా చెయ్యి వణికింది, మన ఊళ్ళో ఆఫీసుల్లో ఫైలు కింద పెట్టే నోటు గుర్తొచ్చి. తర్వాత్తర్వాత నాకు తేడా అర్థమైంది. ఎవరి పేరూ లేని ఖాళీ రూము, నేను వెతికి ఇచ్చాను, ఆయన సంతోషంగా ఏదో ఇచ్చాడు, ఎవరికీ ఏమీ తగ్గలేదు, అది టిప్పు. ఇంకొకరికి రాసిపెట్టిన రూము తీసి ఇస్తే అది లంచం కంటే ఘోరం. ఒకసారి మా డెస్క్‌లో అదే జరిగింది. ఒక కుటుంబం రెండు నెలల ముందే లోపల తలుపుతో కలిసిన రెండు రూములు అడిగి రాయించుకుంది, వాళ్ళ బామ్మకి రాత్రిళ్ళు ఒకరు తోడు లేవాలి. నా పక్కన పనిచేసే అతను ఒకాయన దగ్గర నోటు తీసుకుని, వ్యూ బాగుంటుందని, ఆ రెండిట్లో ఒకటి ఆయనకి ఇచ్చేశాడు. రాత్రి తొమ్మిదికి ఆ కుటుంబం వచ్చింది, మిగిలినవి వేరే వేరే ఫ్లోర్లలో ఉన్నాయి. నేనే వాళ్ళతో మాట్లాడాల్సి వచ్చింది. బామ్మ ఏమీ అనలేదు, కొడుకు తాళం కార్డులు తీసుకుంటున్నంతసేపూ నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి అతని మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. నోటు ఇచ్చినాయనకి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు, ఆయన తప్పు లేదు. అందుకే మీకు చెప్పేది, ఒకసారి లేదన్నాక నోటు పెంచుకుంటూ పోకండి, 20 కాదు 100 అనకండి. అప్పుడే ఇంకొకరి రూము కదులుతుంది.

ఈ ట్రిక్ పదేళ్ళ కిందట పని చేసినంతగా ఇప్పుడు చేయట్లేదు, ఆ మాట కూడా చెప్పాలి. మీరు రావడానికి వారం ముందే 'రోజుకి ఇంత కట్టి పెద్ద రూము తీసుకోండి' అని ఈమెయిల్ వస్తుంది, ఖాళీ రూములు అక్కడే అమ్ముడైపోతున్నాయి. డెస్క్ వాళ్ళకి కూడా చాలా చోట్ల అలా అమ్మిన ప్రతిదానికీ కమీషన్ ఉంటుంది, ఊరికే ఇస్తే ఆమెకి వచ్చేది మీ 20, అమ్మితే అంతకంటే ఎక్కువ రావచ్చు. ఫోన్‌లో చెక్-ఇన్, లాబీలో మనమే చెక్-ఇన్ చేసుకునే మెషీన్లు (కియోస్క్‌లు) వచ్చాయి, వాటిలో చేస్తే రూమ్ నంబర్ సిస్టమే ఇచ్చేస్తుంది, మనిషితో పనే లేదు. కాబట్టి క్యూ తప్పించుకుందామని ఫోన్‌లో చెక్-ఇన్ చేయకండి, మీ లాంటి కుటుంబం డెస్క్‌కే వెళ్ళాలి. బుకింగ్ కూడా హోటల్ సొంత వెబ్‌సైట్‌లో చేసి ఉంటే నయం, బయటి సైట్లలో బాగా చవకగా కొన్నవాళ్ళకి మా దగ్గర చివరి వరుస. రివార్డ్స్ కార్డు ఫ్రీగా ఇస్తారు, ఆడకపోయినా తీసుకోండి.

డబ్బు కట్టే అప్‌గ్రేడ్ చెప్తే వెంటనే కాదనకండి. ఖాళీ రోజుల్లో రాత్రికి 30, 40 డాలర్లకి చాలా మంచి రూము దొరకొచ్చు. మా దగ్గర రేటుకి పై హద్దు, కింది హద్దు ఉండేవి, మొదట పైదే చెప్పేవాళ్ళం. 'మూడు రాత్రులకి కలిపి ఇంతకి ఇవ్వగలరా' అని నవ్వుతూ అడిగితే తగ్గేది. దాని మీద ట్యాక్స్ పడుతుంది, స్ట్రిప్ మీద రూము ట్యాక్స్ 13 శాతం పైన, అది కలిపి ఎంతో అడగండి. రిసార్ట్ ఫీజు, అంటే రూము రేటు కాకుండా హోటల్ రోజుకింత అని విడిగా వేసే ఫీజు, గురించి కూడా కంగారు పడ్డారు మీరు. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ ప్రకారం ఆ ఫీజు కలిపిన మొత్తం రేటే మొదట చూపించాలి, కాబట్టి మీరు బుక్ చేసినప్పుడు కనిపించినదాంట్లో అది ఉండి ఉంటుంది. డెస్క్ అమ్మాయి ఆ ఫీజు తీసేయలేదు, ఆమెని అడిగి లాభం లేదు.

అన్నిటికంటే నేను మీకు చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తోంది. మీకు సూట్ ఎందుకు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు అని రాశారు. వెనీషియన్ హోటల్‌లో అన్నీ సూట్లే, చాలా అందంగా ఉంటాయి, కానీ వాటిలో చాలావాటికి హాలు కిందకి ఉంటుంది, మెట్లు దిగాలి, రాత్రి చీకట్లో బాత్రూమ్‌కి లేచే పెద్దవాళ్ళకి అది కష్టం. చాలా హోటళ్ళలో పెద్ద సూట్లు కారిడార్ చివరన మూలల్లో ఉంటాయి, ఎమ్‌జీఎమ్ గ్రాండ్ లాంటి దాదాపు ఐదు వేల రూముల హోటల్‌లో లిఫ్టు నుంచి మూల రూముకి నడిస్తేనే వాళ్ళు అలిసిపోతారు. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు నేనే పొరపాటు చేశాను, స్నేహితురాలిని అడిగి మరీ మూల సూట్ ఇప్పించాను. ఆవిడ మూడు రోజులూ పొద్దున ఒకసారి దిగి రాత్రే పైకి వెళ్ళింది, మధ్యలో ఒరగాలని ఉన్నా నడవలేక లాబీలోనే కూర్చుంది. నాతో ఒక్క మాట అనలేదు, తర్వాత మా ఆయనతో అందట.

అందుకని మీ 20 డాలర్లు వేరేదానికి వాడండి. లిఫ్టు దగ్గర రూములు కావాలి, లోపల తలుపు ఉండే కనెక్టింగ్ రూములు కావాలి అనండి. అడ్జాయినింగ్ అనకండి, అది పక్కపక్కనే అని మాత్రమే, తలుపు ఉండదు. బాత్‌టబ్ కాకుండా నడిచి వెళ్ళే షవర్ కావాలి అనండి. టబ్ గట్టు దాటడం మన పెద్దవాళ్ళకి ఎంత భయమో, కాలు ఎత్తలేక బకెట్ కోసం వెతుక్కుంటారు. సిగరెట్ వాసన లేని ఫ్లోర్ కావాలనండి, వేగాస్ క్యాసినోల్లో ఇప్పటికీ లోపల కాలుస్తారు, స్ట్రిప్ మీద పార్క్ ఎమ్‌జీఎమ్ ఒక్కటే మొత్తం పొగ లేని క్యాసినో రిసార్ట్. ఇవి అడిగితే 'లేవు' అనే మాట తక్కువ వస్తుంది, ఎందుకంటే వీటికి రేటు తేడా ఉండదు, కమీషన్ పోదు, ఆ అమ్మాయి ఐదు నిమిషాలు వెతకాలి అంతే, ఆ ఐదు నిమిషాలకే మీ నోటు. వ్యూ కావాలంటే, బెలాజియో ఫౌంటెన్ చూపించడానికి ఆ హోటల్‌లోనే ఉండక్కర్లేదు, ఎదురుగా ప్యారిస్ అనే హోటల్‌లో స్ట్రిప్ వైపు రూముల్లోంచి కనిపిస్తుంది, పక్కన కాస్మోపాలిటన్ హోటల్‌లో కొన్ని రూములకి బాల్కనీ నుంచే. రాత్రిపూట 15 నిమిషాలకోసారి వేస్తారు, కిందకి దిగి రోడ్డు మీద నిలబడితే పూర్తిగా ఉచితం.

టిప్పు మీ దగ్గర పరిమితంగా ఉంటే నా మాట వినండి, డెస్క్‌కి ఇవ్వకపోయినా రూము శుభ్రం చేసే ఆమెకి రోజూ ఇవ్వండి, 3 నుంచి 5 డాలర్లు, ఏ రోజుది ఆ రోజు, 'థాంక్యూ' అని రాసిన చీటీతో దిండు మీద పెట్టి. చివరి రోజు అంతా కలిపి పెడితే మొదటి రెండు రోజులు చేసినామెకి అందదు, మనిషి మారిపోతుంది. డెస్క్‌లో నేను నోట్లు అందుకుంటున్నప్పుడు, మీ రూముని అరగంటలో కొత్తదానిలా చేసే ఆవిడ చేతికి చాలా రూముల్లో ఏమీ దొరికేది కాదు, నాకది ఎప్పుడూ తప్పుగానే అనిపించేది. సామాను మోసే అతనికి బ్యాగుకి రెండు డాలర్లు, కారు తెచ్చే అతనికి ఐదు.

ఇంకో రెండు మన వాళ్ళు తరచూ దెబ్బ తినే విషయాలు. చెక్-ఇన్‌లో క్రెడిట్ కార్డే ఇవ్వండి, డెబిట్ కార్డు వద్దు. డిపాజిట్ కింద కొంత డబ్బు ఆపి పెడతారు, డెబిట్ కార్డు అయితే అది నిజంగా మీ అకౌంట్‌లోంచి ఆగిపోయి, మీరు ఇంటికి వెళ్ళిన తర్వాత చాలా రోజులకి గానీ తిరిగి రాదు.

రెండోది రూములోని చిన్న ఫ్రిజ్. అది మీ పెరుగు, పులిహోర పెట్టుకోవడానికి కాదు, మినీబార్, అంటే హోటల్ వాళ్ళు అమ్మే డ్రింకులు ఉండేది. చాలా చోట్ల లోపల సెన్సర్లు ఉంటాయి, బాటిల్ తీసి పక్కన పెట్టినా బిల్లులో పడుతుంది. తిట్లు తినాల్సింది డెస్క్ వాళ్ళే కాబట్టి నాకు బాగా గుర్తు, ఒకాయనకి మజ్జిగ డబ్బా కోసం 70 డాలర్లు పడితే బిల్లులోంచి తీయించడానికి నాకు ముప్పావు గంట పట్టింది. నాన్నగారికి ఇన్సులిన్ ఉందన్నారు కదా, అది మినీబార్‌లో సర్దకండి. వచ్చే రెండు రోజుల ముందు హోటల్‌కి ఫోన్ చేసి, మందుల కోసం విడిగా ఫ్రిజ్ కావాలి అని చెప్పి, ఆ మాట మీ రిజర్వేషన్‌లో నోట్‌గా రాయించండి, అదే ఫోన్‌లో షవర్, లిఫ్టు, కనెక్టింగ్ తలుపు కూడా రాయించండి. పొద్దున్నే రూమ్ కంట్రోలర్ చదివేది ఆ నోట్‌నే. ఆదివారం సాయంత్రం డెస్క్ దగ్గర నిలబడగానే, కార్డు ఇచ్చే ముందు, మొదట ఆ నోట్ ఆమె స్క్రీన్ మీద కనిపిస్తోందో లేదో అడగండి.